మూడవ అభ్యర్థి, ఓటరు అంతరాత్మ
(వావిలాల గోపాలకృష్ణయ్య స్మారకోపన్యాస పాఠము)



వావిలాల గోపాలకృష్ణయ్యగారి స్మృతికి అంకితమైన ఈ సభలో ప్రసంగింపుమని నన్ను ఆహ్వానించిన పెద్దలు విషయనిర్ణయమును నాకే విడిచిపెట్టినారు. గ్రంథాలయోద్యమము మొదలుకొని మద్యనిషేధోద్యమము వరకు ఆయన చేపట్టిన కార్యములనుగూర్చి నాకంటె బాగుగా చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. నా మనస్సు వేరొకదానిపై నిలిచినది. సత్తెనపల్లి ప్రజలు నాలుగు పర్యాయములు శాసనసభకు ఎన్నుకొని పంపిన ఆ ఖద్దరు మనిషి, అధికారపక్షపు నీడను ఆశ్రయింపక, స్వతంత్రసభ్యుడన్న పేరుతో సభలో నిలిచి తాను నమ్మినదానిని చెప్పగలిగినాడన్నచో, అందులో ఆయన ధైర్యము ఎంత కలదో, ఆయనకు ఓటు వేసిన వేలకొలది పల్లెటూరి ఓటర్ల ధైర్యమును అంత కలదు. వారిని గూర్చి ఉపన్యాసములు చేయువారు లేరు. అందుచేత నేడు వారి పక్షమున మాట్లాడుదును.

ఎన్నికల ఋతువు వచ్చినదన్నచో మన ఊళ్ల టీ అంగళ్ల వద్ద, బస్టాండ్లలో, పొలము గట్లపైన వినవచ్చు మాట ఒకటి కలదు. “మంచివాడే, చదువుకొన్నవాడే, ఎవరి సొమ్మును తినడు, గాని గెలవడు గదా, ఓటు మురిగిపోతుంది.” ఈ మాట అనువాడు దుర్మార్గుడు కాడు, అవివేకియు కాడు. తన చేతిలోనున్న ఏకైక ఆయుధము పనికిరాకుండ పోవునేమో యన్న న్యాయమైన భయము అతనిది. ఆ భయమును అపహసించి, ధర్మపన్నములు వల్లించి, “మనస్సాక్షి ప్రకారము ఓటు వేయుము” అని అతనికి బోధించుట సులభము. కాని ఆ భయము ఎక్కడనుండి పుట్టినదో, దానిని పోగొట్టుటకు ఉపాయమున్నదో లేదో విచారింపని బోధ నిష్ప్రయోజనము. ఈ విచారణకు మన దేశచరిత్రలో ఒక ఎన్నికకంటె ఉత్తమమైన ఉదాహరణము నాకు కనబడలేదు. అది 1969లో జరిగిన రాష్ట్రపతి ఎన్నిక.

ఆ సంవత్సరము మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగనే మరణించిరి. ఉపరాష్ట్రపతియైన వరాహగిరి వేంకటగిరిగారు తాత్కాలిక రాష్ట్రపతులై, పదునాలుగు బ్యాంకులను జాతీయము చేసిన ఆర్డినెన్సుపై జూలై 19న సంతకము చేసి, మరునాడు పదవిని వదలి, స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిరి. అప్పటికే బెంగుళూరులో సమావేశమైన కాంగ్రెసు అధిష్ఠానము లోక్‌సభ స్పీకరుగా ఉన్న నీలం సంజీవరెడ్డిగారిని తమ అభ్యర్థిగా నిర్ణయించియుండెను. స్వతంత్ర పార్టీయు, జనసంఘమును చింతామణి దేశముఖ్‌గారిని నిలబెట్టినవి. వీరు గాక మరి పండ్రెండుగురు. మొత్తము పదునైదుగురు అభ్యర్థులు.

తెలుగువారమైన మనకు ఈ ముగ్గురును పరాయివారు కారు. గిరిగారు బరంపురమున పుట్టి, ఐర్లండులో చదివి, 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని బొబ్బిలిలోనే ఓడించిన కార్మికనాయకులు. సంజీవరెడ్డిగారు అనంతపురము జిల్లా ఇల్లూరు గ్రామమువారు, ఆంధ్రప్రదేశమునకు ప్రథమ ముఖ్యమంత్రి. రిజర్వుబ్యాంకునకు భారతీయులలో తొలి గవర్నరైన దేశముఖ్‌గారు మహారాష్ట్రులైనను, మన దుర్గాబాయమ్మను వివాహమాడి తెలుగింటి అల్లుడైనవారు. అంతకంటె గమనింపదగిన సామ్యము మరియొకటి కలదు; దానిని ఎవ్వరును తగినంతగా స్మరింపరని నా ఫిర్యాదు. ఈ ముగ్గురును ఒక్కొక్క సందర్భమున అంతరాత్మ చెప్పినదని పదవులను వదలుకొన్నవారు. బ్యాంకు ఉద్యోగుల తగాదాలో న్యాయాధికార సంఘపు తీర్పును ప్రభుత్వము మార్చుటకు అంగీకరింపలేక గిరిగారు 1954లో కేంద్ర కార్మికమంత్రి పదవిని విడిచిరి. బొంబాయి నగరపు విషయమున ప్రభుత్వనిర్ణయము సహింపలేక 1956లో దేశముఖ్‌గారు ఆర్థికమంత్రి పదవిని త్యజించిరి. బస్సు మార్గముల జాతీయీకరణ వ్యాజ్యములో సుప్రీంకోర్టు తమ ప్రభుత్వముపై చేసిన వ్యాఖ్యలకు బాధ్యత వహించి సంజీవరెడ్డిగారు 1964లో ముఖ్యమంత్రిత్వమునుండి తొలగిరి. అట్టి ముగ్గురు ఒకే పదవికి నిలిచిన ఎన్నికలో ఓటరు అంతరాత్మను పరీక్షకు నిలిపినది కాలమే యనవలెను.

సంజీవరెడ్డిగారి నామినేషను పత్రముపై సంతకము చేసిన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ, కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్పగారు రెండవ ప్రాధాన్య ఓట్లకై స్వతంత్ర, జనసంఘ నాయకులతో మంతనములు జరిపిరన్న కారణమును ముందుంచుకొని, విప్పు జారీచేయుటకు నిరాకరించి, సభ్యులు మనస్సాక్షి ననుసరించి ఓటు వేయవచ్చుననిరి. మన పత్రికలు ‘అంతరాత్మ ప్రబోధము’ అని వ్రాసిన ఆ పిలుపును పక్షములోని ఆధిపత్యపోరాటమునకు కప్పిన ముసుగని ఆనాడే పలువురు విమర్శించిరి. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. తన సంతకముతో నిలబెట్టిన అభ్యర్థిని ఓడింపుడని పరోక్షముగా సూచించుట నాయకత్వమునకు వన్నె తెచ్చు పని కాదనియే నా అభిప్రాయము. అంతేకాదు, సంజీవరెడ్డిగారి శీలమును దూషించుచు, పేరు లేని కరపత్రమొకటి సభ్యుల చేతులలో తిరిగినది; గిరిగారి ఎన్నికను ప్రశ్నించుచు వచ్చిన పిటిషను విచారణలో రాష్ట్రపతియే స్వయముగా సుప్రీంకోర్టునకు వచ్చి సాక్ష్యమిచ్చిరి; కోర్టు పిటిషనును కొట్టివేసినను, ఆ కరపత్రపు మచ్చ ఆ ఎన్నికనుండి పోలేదు. అయినను, పిలిచినవాని ఉద్దేశము ఎట్టిదైనను, పిలుపు విని గదిలో ఒంటరిగా బ్యాలెటు ముందు నిలిచిన సభ్యుని నిర్ణయము అతనిదే. ప్రేరేపించినవారి స్వార్థము ఓటు వేసినవాని నిజాయితీని తగ్గింపజాలదు.

ఇక లెక్కింపునకు వత్తము. నా ఉపన్యాసమునకు ఆయువుపట్టు ఇదియే. రాజ్యాంగపు 55వ అధికరణము రాష్ట్రపతి ఎన్నికలో రహస్యమైన బ్యాలెటును, ఒకే ఓటు బదిలీయగు పద్ధతిని విధించినది. ఓటరు తనకు నచ్చిన అభ్యర్థి పేరుకు ఎదురుగా 1 అంకెయు, అతడు గెలువనిచో ఎవరైన పరవాలేదో ఆ పేరుకు ఎదురుగా 2 అంకెయు, ఆపైన 3, 4 అంకెలును వేయును. ఆగస్టు 16న పోలైన ఓట్లలో చెల్లినవాని విలువ మొత్తము 8,36,337; గెలుచుటకు కావలసినది 4,18,169. మొదటి ప్రాధాన్యములలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశముఖ్‌గారికి 1,12,769 వచ్చినవి. ఎవ్వరును గీటు దాటలేదు. మన శాసనసభ ఎన్నికలో వలె అక్కడితో లెక్క ముగించియుండినచో దేశముఖ్‌గారికి పడిన లక్షపైచిలుకు విలువ మురిగిపోయినదని జనమనియుందురు. కాని లెక్క అక్కడ ఆగలేదు. అట్టడుగున ఉన్నవారిని ఒక్కొక్కరిని తొలగించుచు, వారి బ్యాలెట్లపై తరువాతి అంకె ఎవరిదో చూచి వారికి చేర్చుచు పోయిరి. ఆ చేర్పులలో సంజీవరెడ్డిగారికి 91,879 అదనముగా రాగా, గిరిగారికి వచ్చినది 18,562 మాత్రమే. తుదకు గిరిగారు 4,20,077తో గెలిచిరి. సంజీవరెడ్డిగారు 4,05,427 వద్ద ఆగిపోయిరి. దాదాపు 88 వేలుండిన వ్యత్యాసము 14,650కి దిగివచ్చినది.

ఈ అంకెల వెనుకనున్న మనుష్యులను చూడుడు. దేశముఖ్‌గారు గెలువరని తెలిసియే ఆయనకు మొదటి ప్రాధాన్యమిచ్చిన సభ్యుడు తన మనస్సులోని మాటను దాచుకొనలేదు. అదే కాగితముపై రెండవ అంకె వేసి, ఆ ఇద్దరిలో ఎవరు దేశమునకు మేలో ఆ నిర్ణయములోను పాల్గొనినాడు. ఆ పదునైదుగురిలో ఒక అభ్యర్థికి వచ్చిన మొత్తము విలువ 576. అది ఆనాడు ఒక్క పార్లమెంటు సభ్యుని ఓటు విలువ. ఎవరో ఒక సభ్యుడు, మరి యెవ్వరును తలపెట్టని పేరుకు ఎదురుగా 1 అంకె వేసి, పెట్టెలో వేసి, ఇంటికి పోయినాడు. అతనిని చూచి నవ్వుటకు నాకు మనసొప్పదు. ఆ పద్ధతిలో ఆ అంకె ఎవ్వరికిని నష్టము చేయలేదు. అతడు తరువాతి అంకెలు వేసియుండినచో అవియును లెక్కకు వచ్చియుండును.

అట్టి బ్యాలెటు మన సామాన్య ఓటరు చేతిలో లేదు. అతడు వేలికి సిరా పూయించుకొని, అట్టమరుగునకు పోయి, యంత్రముపైనున్న పేర్ల వరుసలో ఒక్క నీలిమీట నొక్కును. ప్రక్కనున్న గాజుకిటికీలో చీటీ ఏడు సెకనులు కనబడి పెట్టెలో పడిపోవును. అంతటితో సరి. “నాకు వీడు కావలెను; వీడు రాకపోయినచో వాడు ఫరవాలేదు; ఆ మూడవవాడు మాత్రము రాకూడదు” అని అతని మనస్సులోనున్న పూర్తి వాక్యములో ఒక్క ముక్కను మాత్రమే ఆ యంత్రము వినును. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన ‘నోటా’ మీట కూడ ఈ కొరతను తీర్పలేదు. ఎవరును వద్దనుటకే అది పనికివచ్చును గాని, ఎంతమంది నొక్కినను గెలుపోటములు మారవు.

ఇందులో మరియొక వైపరీత్యము కలదు. 1985లో పదియవ షెడ్యూలు వచ్చిన నాటినుండి చట్టసభలలో సభ్యుడు విప్పును ధిక్కరించి ఓటు వేసినచో సభ్యత్వమే పోవును. 2003 సవరణతో రాజ్యసభ ఎన్నికలలో శాసనసభ్యుడు తన బ్యాలెటును తన పక్షపు ఏజెంటునకు చూపి పెట్టెలో వేయవలసివచ్చినది. అమ్ముడుపోవు సభ్యుల బెడదవలననే ఈ కట్టుబాట్లు వచ్చినవని నేనెరుగుదును; వానిని నిందించుటలేదు. కాని ఫలితమేమి? ప్రతినిధుల అంతరాత్మకు ఒక్కొక్క తలుపే మూసికొనిపోయి, రాష్ట్రపతి ఎన్నికవంటి ఒకటిరెండు సందర్భములు తప్ప, రహస్యముగా, నిర్భయముగా, ఎవరి ఆజ్ఞయు లేక ఓటు వేయు అధికారము నేడు కోట్లకొలది సామాన్య పౌరులకే మిగిలినది. స్వేచ్ఛ అంతయు ఎవనియందున్నదో వానికే మిక్కిలి నోరులేని బ్యాలెటును ఇచ్చియున్నాము.

అది చేయు అన్యాయమునకు మన చరిత్రలోనే సాక్ష్యములున్నవి. 1955 ఆంధ్ర ఎన్నికలలో కాంగ్రెసును దాని మిత్రులును ఓట్లు చీలకుండ ఒక్కటై నిలువగా, నూటికి సుమారు 31 ఓట్లు పొందిన కమ్యూనిస్టులకు 196 స్థానములలో 15 మాత్రమే దక్కినవి. వారి సిద్ధాంతమును అంగీకరింపనివారు కూడ ఈ నిష్పత్తి న్యాయమైనదని చెప్పలేరు. 2009లో ప్రజారాజ్యము పార్టీకి నూటికి సుమారు 16 ఓట్లు రాగా 294 స్థానములలో 18 వచ్చినవి. రెండేండ్లు తిరుగకముందే, 2011లో, ఆ పార్టీ కాంగ్రెసులో కలిసిపోవ నిశ్చయించినది. రెండు పెద్ద పక్షములును వద్దని మూడవ గుర్తుపై మీట నొక్కిన లక్షలాది ఓటర్లలో ఎంతమంది మనస్సు అప్పుడు విరిగిపోయినదో లెక్కించు యంత్రము లేదు. ‘మూడవవానిని నమ్మరాదు’ అను మాట మన పల్లెలలో అంత గట్టిగా నాటుకొనుటకు ఓటరు పిరికితనము ఒక్కటే కారణము కాదు, మూడవపక్షముల నాయకులు కూడ కారణమే. తాను దేనికి ప్రత్యామ్నాయమని ఓట్లు అడిగెనో దానిలోనే కలిసిపోవు పక్షము ఒక తరపు అంతరాత్మను తాకట్టు పెట్టినట్లు. ఈ మాటను నేను కఠినముగా అనుచున్నాను; అనవలసియున్నది.

ఎదుటివారి వాదమును దాని బలమైన రూపములో వినవలెను గనుక అమెరికాలో జరిగిన ఒకదానిని చెప్పెదను. 1844 అధ్యక్షఎన్నికలో బానిసత్వనిర్మూలనమునకై లిబర్టీ పార్టీ పక్షమున జేమ్స్ బిర్నీ నిలిచినాడు. న్యూయార్కు రాష్ట్రములో అతనికి 15,812 ఓట్లు వచ్చినవి. ఆ రాష్ట్రమును హెన్రీ క్లే 5,106 ఓట్ల తేడాతో జేమ్స్ పోక్‌కు కోల్పోయెను; న్యూయార్కు క్లే పక్షమున పడియుండినచో అధ్యక్షుడు అతడే అగువాడు. పోక్ బానిసత్వమున్న టెక్సాసును దేశములో కలుపుకొనవలెనన్నవాడు. బానిసల విముక్తిని కోరి వేసిన ఓటు బానిసత్వ విస్తరణకు తోడ్పడినదని ఆనాడు అనేకులు బిర్నీ అనుచరులను దూషించిరి. ఆ దూషణ నిరాధారమని నేను చెప్పజాలను. క్లే తానే బానిసల యజమాని అనునదియు, అట్టివానికి ఓటు వేయుము లేదా దోషివి కమ్ము అని బానిసత్వవిరోధిని నిర్బంధించు పద్ధతియే క్రూరమనునదియు నిజమే. కాని ఫలితము ఫలితమే. దానిచే బాధపడినవారు ఓటు వేసినవారు కారు, ఓటే లేని బానిసలు. అదే సమయమున మరియొకటి కూడ నిజము. 1844లో సుమారు 62 వేలుగా ఉన్న ఆ మూడవపక్షపు ఓట్లు, 1848లో ఫ్రీ సాయిల్ పార్టీగా మారి 2 లక్షల 90 వేలు దాటినవి. 1854లో వచ్చిన రిపబ్లికన్ పార్టీలో ఆ ప్రవాహము చేరినది. 1860లో ఆ పార్టీ అభ్యర్థియైన లింకన్ అధ్యక్షుడైనాడు. లిబర్టీ పార్టీకి మొదటి ఏడువేల ఓట్లు 1840లో పడకపోయినచో ఆ మార్గము ఎట్లు ఏర్పడియుండునో నాకు తోచదు.

అంతరాత్మ ఓటు ఎల్లప్పుడును నిరపాయకరమని నేను చెప్పను. పోటీ నువ్వా నేనా యన్నట్లున్నచోట, ఒకడు గెలిచినచో నిస్సహాయుల ప్రాణములకే చేటు కలుగునని నిశ్చయముగా తెలిసినచోట, రెండవవానికి ఓటు వేయుట కూడ మనస్సాక్షి చెప్పిన పనియే కావచ్చును. అయితే ఆ నిర్ణయము ఓటరు స్వయముగా ఆలోచించి చేసినదై యుండవలెను. ‘వాడు గెలవడు’ అన్న పుకారు ఎవరి ఇంటిలో పుట్టి ఎవరి జీపులో ఊరంతయు తిరిగినదో విచారింపక తలయూపుట మాత్రము ఆలోచన కాదు. ఓట్లు లెక్కింపకముందు ఎవరు మూడవవాడో ఎవరికిని తెలియదు. చెల్లిన ఓట్లలో ఆరవవంతునకు మించి వచ్చినచో అభ్యర్థి డిపాజిట్ దక్కును. డిపాజిట్ దక్కిన మంచి అభ్యర్థి మరుసటి ఎన్నికలో పెద్ద పక్షములవారు లెక్కచేయవలసిన మనిషియగును. ఓడిన అభ్యర్థికి వచ్చిన ఓట్లను గెలిచినవాడు తన మనుష్యులచేత బూతు బూతుకు లెక్కవేయించుకొనును. ఏ వాడలో తనకు వ్యతిరేకముగా ఎందరున్నారో అతనికి అప్పుడు తెలియును. ఆ ఓటు మురిగిపోయినదని ఎట్లనగలము?

దీనికి పరిహారము మన ముంగిటనే ఉన్నది. శాసనమండలి పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గములలో రెండు తెలుగు రాష్ట్రముల ఓటర్లు ఇప్పటికిని కాగితపు బ్యాలెటుపై, ఎన్నికల సిబ్బంది ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో, 1, 2, 3 అంకెలు వేయుచున్నారు. 2021 మార్చిలో హైదరాబాదు–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ స్థానమునకు 93 మందియు, వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానమునకు 71 మందియు నిలువగా, వార్తాపత్రిక అంతేసి ‘జంబో’ బ్యాలెట్లపై ఓటర్లు ప్రాధాన్యములు వ్రాసిరి. మొదటి ప్రాధాన్యములతో రెండుచోట్లను ఫలితము తేలలేదు. ఎలిమినేషను మీద ఎలిమినేషనుగా రాత్రింబవళ్లు లెక్క సాగెను. పెద్ద పక్షములు ఊహింపని స్వతంత్ర అభ్యర్థి నల్లగొండ స్థానములో రెండవవాడుగా నిలిచినాడు. అదే పట్టభద్రుడు శాసనసభ ఎన్నికకు పోయినపుడు మాత్రము ఒక్క మీటతో సరిపెట్టుకొనవలెను.

“చదువుకొన్నవారు కనుక అంకెలు వేసిరి, చదువురానివారి గతి యేమి?” అని అడుగుదురు. ఆస్ట్రేలియా దిగువసభకు 1918నుండి ప్రాధాన్య ఓటు అమలులోనున్నది. మన పొరుగునున్న శ్రీలంకలో 2024 అధ్యక్షఎన్నికలో తొలిసారిగా రెండవ ప్రాధాన్యములను లెక్కింపవలసివచ్చెను. వారికి కష్టమేమియు కలుగలేదు. వందలకొలది భాషలు, కొండగూడెములు, అక్షరము రాని ఓటర్లు అసంఖ్యాకముగా ఉన్న పాపువా న్యూగినీలో 2007నుండి సాధారణ ఎన్నికలలో ఓటరు ముగ్గురి పేర్లను వరుసగా చెప్పుచున్నాడు. సంతలో మూడు దుకాణముల బేరమాడి ఏది మొదట, ఏది తరువాత అని నిశ్చయించుకొను మన ఆడవారికి ఈ పని నేర్పవలసిన అవసరము నాకు కనబడదు.

పార్లమెంటు చట్టము మారువరకు ఎదురుచూడవలసిన అగత్యమును లేదు. రాజ్యాంగపు 243కె అధికరణము పంచాయతీల ఎన్నికలనుగూర్చియు, 243జెడ్‌ఎ అధికరణము పురపాలకసంఘముల ఎన్నికలనుగూర్చియు చట్టములు చేయు అధికారమును రాష్ట్ర శాసనసభలకే ఇచ్చినవి. రెండు రాష్ట్రములలోను సర్పంచును ఓటర్లు ప్రత్యక్షముగా ఎన్నుకొందురు. ఆ ఎన్నికలో పార్టీ గుర్తులు కూడ లేవు. అభ్యర్థులు నలుగురైదుగురు, ఓటర్లు కొన్ని వందలో వేలో. లెక్కింపు ఊరి బడిలోనే, అందరి కన్నుల ఎదుటనే జరుగును. ప్రాధాన్య ఓటును ప్రయత్నించి చూచుటకు ఇంతకంటె అనువైన చోటు లేదు.

ఈ సభలోనున్న శాసనసభ్యులారా, అమరావతిలోగాని హైదరాబాదులోగాని, రాబోవు సమావేశములలో ఈ విషయమై ఒక అనధికార బిల్లునైన ప్రవేశపెట్టుడు. మీ ప్రతినిధులు ఈ సభకు రానిచో, సభాసదులారా, మీరు వారి ఇంటికి పోయి అడుగుడు. అంతవరకు, మీ నియోజకవర్గములో నిలిచిన ప్రతి అభ్యర్థి అఫిడవిట్టును, మొదటి ఇద్దరిది మాత్రమే గాక మూడవవానిది, నాలుగవవానిది కూడ, ఎన్నికలకు ముందు తెప్పించుకొని చదువుడు. అతడు మీ ఊరికి వచ్చినపుడు కూర్చుండబెట్టి పది ప్రశ్నలడుగుడు. గెలిచిన తరువాత ఏ పక్షములో చేరడో చెప్పుమని, అందరి ఎదుటను, గట్టిగా అడుగుడు.